బుధవారం గోలీ

మా అబ్బా చెప్పులు గుమ్మం బయట విడిచి ప్రిన్సిపాల్ మేడం గదిలోకి వెళ్ళాడు. ఎవరూ విడవమని చెప్పలేదు. మేడం ఆ గదిలో చెప్పులతోనే తిరుగుతుంది, గుమస్తా బూట్లతో వెళ్తాడు, ఫ్యాను బాగుచేసేవాడు మొన్న మట్టికాళ్ళతో వెళ్ళొచ్చాడు, మా అబ్బా ఒక్కడికే అది మసీదులా కనిపించిందా, లేక తప్పు చేసిన పిల్ల తండ్రి చెప్పులతో వెళ్ళకూడదని తనే అనుకున్నాడా. సిరోంచలో కుట్టుమిషన్ల దుకాణం తెరవకుండానే పొద్దున మొదటి ఎర్రబస్సు ఎక్కి, ఆ గుంతల రోడ్డు మీద నడుం విరగ్గొట్టుకుని అహేరిలో దిగి, నేరుగా మా నర్సింగ్ స్కూలుకు వచ్చాడు. నన్ను చూసి ఏమైందని అడగలేదు. "తిన్నవా బేటీ" అన్నాడు, అంతే. అప్పుడు ఏడుపు రావాలి నాకు, కానీ కోపమే వచ్చింది, నిన్న సాయంత్రం నుంచీ కోపమే, అన్నం ఉండాల్సిన చోట కూడా కోపమే కూర్చుంది. ఆ చెప్పులు చూడు, ఒకదాని పట్టీకి తనే మిషను దారంతో కుట్టు వేసుకున్నాడు, ఎండలో అలా పడి ఉన్నాయి. చూడకు. వేరే ఏదైనా ఆలోచించు. ఇవాళ బుధవారం. ఏది మర్చిపోయినా ఇవాళ బుధవారమని మర్చిపోవద్దు.

నేను కూర్చున్న బల్లకు పైన గోడ మీద బోర్డు ఉంది. తల ఎత్తకుండానే ఎక్కడ ఏముందో చెప్పగలను, చేసింది నేనే, నేనూ అరుణశ్రీ. జనాభా దినోత్సవానికి థర్మాకోల్ పలక మీద గులాబీ కాగితం అంటించి, పైన మరాఠీలో పెద్దక్షరాలతో కుటుంబ నియోజన్ అని రాసి, కింద అన్నీ అసలు వస్తువులే అతికించాం, నిరోధ్ పొట్లం, కాపర్-టి, రోజూ మింగే మాలా పట్టీ, అంతర సూదిమందు సీసా, చివర వారాల లెక్కన మింగే ఛాయా గోలీల పట్టీ. గడ్చిరోలి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు దాని ముందు నిలబడి వాహ్ అన్నాడు. మేడం నా భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగింది, ఆ ఫోటో లోపలి గోడకే ఉంది, ఇప్పుడు అబ్బా కూర్చున్న కుర్చీకి ఎదురుగానే ఉండాలి. మొదటి బహుమతి అని స్టీలు డబ్బా ఇచ్చారు. గోడ మీద ఉంటే బహుమతి, పెట్టెలో ఉంటే పాపం, అదే పట్టీ, అదే సర్కారు మందు. పైగా ఆ బోర్డు మీదవన్నీ ఉత్తవి. అతికించే ముందు మేడం ఎదురుగా కూర్చుని గోలీలన్నీ నొక్కించి తీయించింది, పిల్లలు పాడుచేస్తారని. పాడుచేస్తారంటే మింగుతారని, మింగుతారంటే ఇంకేదో అని. ఖాళీ గుంతల్లో సుద్దముక్కలు అరగదీసి పెట్టాం, తెల్లగా, గుండ్రంగా, అసలువాటి కంటే అందంగా వచ్చాయి. నిరోధ్ పొట్లం కొసను సూదీదారంతో కుట్టించింది. అరుణశ్రీ కుడుతూ "దీన్ని గూడ కుట్టాల్నా" అని నవ్వింది, నేనూ నవ్వాను, ఇద్దరం ఆ రోజు నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాం. అసలువి ఉంటే, అల్లా కసం, ఇవాళ ఆ ప్లాస్టిక్ కాగితం చింపి ఒకటి తీసుకునేదాన్ని. సుద్ద ఏం చేసుకోను.

నిన్న సాయంత్రం పెట్టెల తనిఖీ. ఫోన్ల కోసం అన్నారు, ప్రతిసారీ ఫోన్ల కోసమే అంటారు. హాస్టల్ చూసుకునే సోనుబాయి నా బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసింది, పుస్తకాలు దులిపింది, నమాజు చేసుకునే జానమాజ్ కూడా విప్పి చూసింది, చివరికి నెలసరి ప్యాడ్ల పొట్లంలో చెయ్యి పెట్టింది. అందులో ఎవరూ చూడరనుకున్నాను. పట్టీని రెండు వేళ్ళతో చచ్చిన బల్లిని ఎత్తినట్టు పైకెత్తింది. దాని మీద రాసింది సోనుబాయి చదవలేదు, కానీ ఏమిటో తెలుసు, తెలియకుండా ఎలా ఉంటుంది, నలుగురు పిల్లల తర్వాత ఆపరేషన్ చేయించుకున్న మనిషి, ఆ ఆపరేషన్ దగ్గర్నుంచి నడుంనొప్పి పోలేదని మా చేతే మూవ్ మందు పూయించుకునే మనిషి. ఆమే "ఛీ" అంది. గదిలో పిల్లలందరూ నా వైపు చూశారు. తర్వాత గేటుకు తాళం పడింది, డ్యూటీకి కూడా ఎవరినీ ఆస్పత్రికి పంపలేదు, రుక్సార్ వల్ల అందరూ లోపలే అని చెప్పారు. నా వల్ల!

రాత్రి భోజనాలకు ముందే మేడం పిలిచి అడిగింది. ముందు హిందీలో అడిగింది, తర్వాత మరాఠీలో, తెలుగు మాత్రం మాట్లాడదు, ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి తెలుగు రానట్టే ఉంటుంది, మేం వెనక గొణిగేది మాత్రం ప్రతి ముక్కా అర్థమవుతుంది. పెళ్ళికాని పిల్లవు, నీకెందుకివి అంది. చూపించి నేర్పడానికి తెచ్చుకున్నానన్నాను. నేర్పడానికైతే ప్యాడ్లలో ఎందుకు దాచావంది. నిజంగానే మంచి ప్రశ్న అది, దానికి జవాబు ఆమె దగ్గరే ఉంది, దాచకపోతే ఏమవుతుందో ఇప్పుడు చూస్తున్నాంగా. ఆ తర్వాత అంది, "మీ వాళ్ళల్లో ఇవి వాడరు కదా." ఆ మాట దగ్గర నా చెవులు కాలిపోయాయి. క్లాసులో జనాభా పాఠం వచ్చినప్పుడల్లా ఓరగా మా వైపు చూసి నవ్వేది వీళ్ళే, క్లాసులో ఇంకో ముస్లిం పిల్ల షబ్నమ్‌నీ నన్నూ మీరు ఎంతమంది అని అడిగేది వీళ్ళే, వాడకపోతే ఒక నవ్వు, వాడితే శీలం మీద ఒక మాట, మేం ఏం చెయ్యాలి మరి, పిల్లల్ని కనకుండా, గోలీలు మింగకుండా, గాలిలో ఉండాలా. ఈ మాట నిన్న అనలేదు. నోట్లోనే ఉంది ఇంకా.

ఆ గోలీలు నావి కావు. అరుణశ్రీవి. సిరోంచలో మా వీధి చివర నుంచి ప్రాణహిత వైపు దిగితే వాళ్ళ వరి మడి, సాంబన్న కాక కూతురు, ఇద్దరం ఒకే బస్సులో ఒకే రోజు వచ్చి ఈ స్కూల్లో చేరాం. వాళ్ళమ్మ కిష్టమ్మ బస్సు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని మా పిల్లను జర చూస్కో బిడ్డా అంది. చూసుకుంటానన్నాను. పోయిన ఎండాకాలం సెలవులకు వెళ్ళిన పిల్ల మెడలో పుస్తెలతో తిరిగొచ్చింది, వినయ్‌కుమార్ మంచివాడే అంటారు, తాగడు, కొట్టడు, చదువుకోనిస్తాడు. కడుపు పండేదాకా చదువుకోనిస్తాడు, అదీ ఒప్పందం. అత్త ప్రతి నెలా ఫోన్ చేసి అడుగుతుంది, అయిందా అని, అయిందా అంటే నెలసరి అయిందా అని, అయిందంటే నిట్టూరుస్తుంది. ఇంకొక్క పరీక్ష. వచ్చే నెల ఆ పరీక్ష రాస్తే అరుణశ్రీ పేరు ముందు సిస్టర్ అని ఉంటుంది, ఆ తర్వాత నలుగుర్ని కననీ, పదిమందిని కననీ, చేతిలో ఉద్యోగం ఉంటుంది. అందుకే ఆరోగ్య ఉపకేంద్రం పోస్టింగులో అక్కడి సిస్టర్‌ను నేను అడిగి తెచ్చాను. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆదివారం ఒకటి, బుధవారం ఒకటి, తర్వాత వారానికి ఒకటే. అరుణశ్రీ పెట్టెలో పెట్టడానికి లేదు, వినయ్‌కుమార్ చెల్లెలు ఇక్కడే మొదటి ఏడు చదువుతూ అదే గదిలో ఉంటుంది, వదిన నూనె కూడా అడక్కుండా తీసుకుంటుంది. అందుకని నా పెట్టెలో. ఆదివారం, బుధవారం అన్నాలయ్యాక అరుణశ్రీ దువ్వెన కోసమని నా గదికి వస్తుంది, దువ్వెన కింద గోలీ పెట్టి ఇస్తాను, మంచినీళ్ళ ఫిల్టరు దగ్గరికి వెళ్ళి మింగి, దువ్వుకోకుండానే దువ్వెన తెచ్చి తిరిగిస్తుంది.

శనివారం వినయ్‌కుమార్ వస్తాడు. వరి కోతలకు రెండు రోజులు ఇంటికి తీసుకెళ్తానని మేడం దగ్గర ముందే అడిగి పెట్టుకున్నాడు. గోలీ తప్పితే గుర్తు రాగానే వేసుకోవాలి, మళ్ళీ నెలసరి వచ్చేదాకా నిరోధ్ కూడా వాడాలి, ఇది పుస్తకంలో ఉంది, నేను రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అరుణశ్రీ వెళ్ళి మొగుడితో నిరోధ్ అనాలట! పుస్తకం రాసినవాడు ఒకసారి సిరోంచ వచ్చి, వాళ్ళత్త అవతల గదిలో దగ్గుతూ పడుకుని ఉండగా, ఆ మాట అని చూపించాలి.

నాగ్‌పూర్ నుంచి ఒక అక్క వచ్చింది వానాకాలంలో. పెద్ద చదువు చదువుతోంది, నర్సింగ్ పిల్లలకు గర్భం రాకుండా చూసుకునే పద్ధతుల గురించి ఎంత తెలుసు, ఏమనుకుంటున్నారు, అదీ ఆమె చదువు. మంచిదే, పాపం, మాకందరికీ పెన్నులు ఇచ్చింది. తెలిసినవి అడిగిన పేజీ గబగబా నింపేశాం. తర్వాతి పేజీలో, పెళ్ళికాని ఆడమనిషి వచ్చి అడిగితే ఇవ్వాలా, మొగుడికి ఇష్టం లేకపోయినా ఇవ్వాలా, అని ఉంది. మా పెన్నులు ఆగాయి. వెనక నిలబడ్డ మేడం "అంగీకరిస్తున్నాను అన్న దగ్గరే టిక్ పెట్టండి, స్కూలు పరువు" అంది. పెట్టాం. అందరం. మా మనసులు చాలా విశాలమైనవని ఆ అక్క సంబరపడి వెళ్ళింది. ఆ సాయంత్రమే కుళాయి దగ్గర ఒక పిల్ల నన్ను పక్కకు లాగి, కాపర్-టి గుండెదాకా ఎక్కుతుందటగా, నిజమేనా అని అడిగింది. ఇంకొకతె, మాలా మింగితే ఇక జన్మలో పిల్లలు పుట్టరు, మా వదినకు అట్లనే అయిందంది. అవి వార్డులో తల్లులకు చెప్పబోయే నోళ్ళు. అడగనిస్తే కదా తెలిసేది, క్లాసులో చెయ్యెత్తి అడిగితే "నీకు చాలా ఆత్రంగా ఉందే" అంటారు, ఆ ఒక్క మాటకు భయపడి మూడేళ్ళు ఎవరూ చెయ్యెత్తలేదు. నిన్న రాత్రి మెస్సులో నేను కూర్చోగానే ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కంచాలు తీసుకుని జరిగారు. అంగీకరిస్తున్నాను అని టిక్ పెట్టిన చేతులే ఆ కంచాలు జరిపాయి. వాళ్ళను తిట్టాలని ఉంది, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచి తిట్టాలని ఉంది, కానీ నా పప్పు చల్లారిపోయింది, తినేసి లేచాను.

అడుగుల చప్పుడు. అరుణశ్రీ. చేతిలో బక్కెట్ ఉంది, నీళ్ళకు వెళ్తున్నట్టు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేను పోయి చెప్త రుక్సార్. నావే అని చెప్త."

"చెప్పి?"

"మీ అబ్బా చెప్పులు చూసిన. నాతోటి అయితలేదు."

"చెప్తే ఏమైతదో ఎరికేనా నీకు? మేడం మీ అత్తకు ఫోన్ కొడ్తది. శనివారం వచ్చేటోడు ఇయ్యాల్నే వస్తడు. నన్నయితే హాస్టల్ల నుంచే తీస్తరు, నిన్ను సదువుల నుంచే తీస్తరు."

"మరి గోలీ ఎట్ల?"

"ఇయ్యాల బుధవారమని నాకు యాదికున్నది. నువ్వు పో. అగో, మీ ఆడబిడ్డ మెట్ల మీద నిలబడి ఇటే చూస్తున్నది, బక్కెట్ నిండ నీళ్ళు పట్టుకొని పో."

వెళ్ళింది. బక్కెట్ ఖాళీది కదా, అయినా ఒక పక్కకు ఒరిగిపోయి నడిచింది. అరుణశ్రీ మీద కూడా కోపం వచ్చింది ఒక్క క్షణం, నిన్ననే ఎందుకు రాలేదు, సోనుబాయి పట్టీ ఎత్తినప్పుడు గుమ్మంలోనే ఉంది కదా, అని. వెంటనే నా మీదికి మళ్ళింది కోపం, తర్వాత అది ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది, మేడం గది గుమ్మానికున్న ఈ ఆకుపచ్చ పరదా వెనక్కి. అరుణశ్రీ దొంగతనం చెయ్యలేదు, నేను చెయ్యలేదు, సర్కారు ఉచితంగా పంచేదాన్ని మేం దువ్వెన కింద దాచుకుంటున్నాం. దాచుకునేలా చేసినవాళ్ళు లోపల కుర్చీలో, దాచుకున్నవాళ్ళు బయట బల్ల మీద.

లోపల మేడం గొంతు పెరిగింది. అబ్బా గొంతు వినిపించడం లేదు. ఆయన ఎప్పుడూ అంతే, ఇంట్లో అమ్మీ గొంతే వినిపిస్తుంది. కాపర్-టి పాఠం చెప్పిన వారం నేను ఇంటికి వెళ్ళి, వంటింట్లో అమ్మీకి బొమ్మ చూపిస్తే, మా అమ్మీ బాను, రొట్టె ఒత్తుతూ ఒత్తుతూ ఆగి, పడీపడీ నవ్వింది. "గిది నా లోపల ఉండె. మీ తమ్ముడు సుఫియాన్ పుట్టినంక ఏపిచ్చుకున్న." అత్తకు, అంటే మా దాదీకి, కడుపునొప్పి అని చెప్పి సర్కారు దవాఖానాకు వెళ్ళిందట. దాదీ పోయేదాకా కూడా నొప్పి తగ్గిందా అని అడిగేదట. మరి అబ్బాకు చెప్పావా అన్నాను. అమ్మీ రొట్టె పెనం మీద వేసి, "ఆయనకెరికే. ఎరిక లేనట్టు ఉంటడు" అంది. అప్పుడు నాకు అబ్బా మీద కోపం వచ్చింది, తెలిసినప్పుడు తెలిసినట్టు ఉంటే ఏం పోయింది, దాదీ ముందు ఒక్క మాట అంటే ఏం పోయింది అని. ఇప్పుడు లోపల ఆయన ఏం విని ఏం విననట్టు ఉన్నాడో. కూతురు గురించి ఏం అనుకుంటున్నాడో. నిజం చెప్పేస్తే ఆయన తల ఎత్తుకుని బస్సెక్కుతాడు, ఒక్క పేరు, అరుణశ్రీ అన్న పేరు చెప్తే చాలు, నా హాస్టలు నాకు, నా పరీక్ష నాకు, చెప్పులు ఆయన కాళ్ళకు. నాలుక మీద ఉంది ఆ పేరు. మింగాను.

"రుక్సార్, అందర్ ఆవో."

అబ్బా కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పట్టీ బల్ల మీద ఉంది, బల్లకు తగలకుండా కింద పాత పేపరు ముక్క పరిచి ఉంది. ఇలాంటి పట్టీనే దగ్గరుండి మా చేత బోర్డు మీద అతికింపజేసింది ఈమే. మేడం హిందీలో నెమ్మదిగా మాట్లాడింది, అరిచి అరిచి అలిసినట్టుంది. ఇవి నీవి కావని నాకు అనిపిస్తోంది, ఎవరివో పేరు చెప్పు, చెప్పి క్లాసుకు పో. నీవే అంటే మాత్రం పెట్టె సర్దుకుని ఇప్పుడే నాన్నతో వెళ్ళిపో, పరీక్షలకు ఎక్కడి నుంచి వస్తావో నీ ఇష్టం. సిరోంచ నుంచి రోజూ వచ్చిపోయే దారి కాదు అది, ఆమెకూ తెలుసు.

అబ్బా నా వైపు చూడకుండానే అన్నాడు. "మాఫీ అడుగు బేటీ. ఏదో అయింది. జర మాఫీ అడుగు."

దేనికి అబ్బా. దేనికి అడగాలి మాఫీ, చదువు చెప్పినట్టు చేసినందుకా. నోట్లోంచి రావాల్సిన హిందీ రాలేదు, తెలుగే వచ్చింది.

"నావే మేడం."

"సిగ్గుగా లేదూ." ఇంతకాలానికి మేడం నోట్లోంచి తెలుగు వచ్చింది. చక్కగా వచ్చింది.

"అడగొచ్చిన ఆడమనిషికి సిగ్గనిపించేటట్టు నర్సు మాట్లాడొద్దని మీరే చెప్పిన్రు మేడం. పరీక్షల గదే రాసిన. మార్కులు గూడ మీరే ఇచ్చిన్రు." బల్ల దగ్గరికి ఒక అడుగు వేశాను. "పెట్టె సర్దుకుంట. హాస్టల్ ఖాళీ చేస్త. గని ఇయ్యాల బుధవారం. గా గోలీ ఇయ్యాల వేసుకునేది. నాది నాకియ్యుండ్రి."

చెయ్యి చాపాను. మేడం ఒక చేత్తో పేపరు ముక్కను పట్టీతో సహా తన వైపు లాక్కుంది, ఇలాంటి పిల్లను ఇన్నేళ్ళలో చూడలేదంది, మీ నాన్న మొహం చూడవే అంది. చూడలేదు. చూస్తే చెయ్యి దిగిపోతుంది. కుర్చీ జరిగిన చప్పుడు విన్నాను. అబ్బా లేచాడు, పరదా తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అయిపోయింది అనుకున్నాను, వెళ్ళిపోయాడు, ఇక నేను ఒక్కదాన్నే, సరే, ఒక్కదాన్నే అయినా చెయ్యి దించను, దువ్వెన కింద దాచింది చాలు.

పరదా మళ్ళీ కదిలింది. టక్కు టక్కుమని నేల మీద చెప్పుల చప్పుడు. అబ్బా టోపీ పెట్టుకుని, కుట్టు వేసిన ఆ చెప్పులతోనే లోపలికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"గదేందో నాకు ఎరిక లేదు మేడం" అన్నాడు. "పిల్ల నాది అంటున్నది గదా. పిల్లకియ్యుండ్రి."